రేటు సరే, ఇంట్లో సిగ్నల్ సంగతేంటి?

తక్కువ రేటు మొబైల్ కంపెనీకి మారినవాళ్లు ఎలా ఉన్నారో రాయండి అని పోయిన సంచికలో అడిగాను. 2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకదాని వెనక ఒకటి రేట్లు 11 నుంచి 25 శాతం దాకా పెంచిన దగ్గర్నుంచి ఇంటింటా ఇదే మాట కదా. జియోలో 239 రూపాయల రీఛార్జ్ 299 అయింది, ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నెల తిరిగేసరికి అది చిన్న మొత్తమేం కాదు. ఉత్తరాలు చాలా వచ్చాయి, కొందరు సంతోషంగా రాశారు, కొందరు ఏడుపొక్కటే తక్కువ అన్నట్టు రాశారు. ఉత్తరాల్లో కంపెనీల పేర్లు నేనే తీసేశాను. కారణం ఒక్కటే, ఒకే కంపెనీని ఒక ఊరివాళ్లు మెచ్చుకున్నారు, పది కిలోమీటర్ల అవతలివాళ్లు తిట్టారు, ఇద్దరి మాటా నిజమే. పేరు చూసి మీరు నిర్ణయం తీసుకుంటే మళ్లీ అదే తప్పు జరుగుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పెన్షన్ మీదే మా ఇద్దరి బతుకు. రేట్లు పెరిగాయని నా నంబరూ మా ఆవిడ నంబరూ ఒకే రోజున తక్కువ రేటు కంపెనీకి మార్చేశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే కాల్ మధ్యలో తెగిపోతుంది, డాబా ఎక్కితే బాగానే వినిపిస్తుంది. బ్యాంకు ఓటీపీ ఒక్కోసారి టైమ్ అయిపోయాక వస్తోంది. వెనక్కి వెళ్లిపోదామంటే 90 రోజుల దాకా కుదరదని షాపులో కుర్రాడు అంటున్నాడు. నిజమేనా? అప్పటిదాకా ఏం చేయాలి?
— పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, ఆ కుర్రాడు చెప్పింది నిజమే. కొత్త కంపెనీలో నంబరు పనిచేయడం మొదలైన రోజు నుంచి 90 రోజులు గడిస్తేనే మళ్లీ పోర్ట్, అంటే నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారడం, చేయనిస్తారు. ఇది ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద ఉండే కేంద్ర నియంత్రణ సంస్థ, పెట్టిన నియమం, అన్ని కంపెనీలకూ ఒకటే. కానీ ఈ మూడు నెలలూ డాబా మీదే గడపాల్సిన పని లేదు, చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

డాబా మీద బాగుండి ఇంట్లో బాగా లేదంటే టవర్ ఉంది, గోడలే అడ్డం అన్నమాట. అయితే మీ ఫోన్ సెట్టింగ్స్ ఎలా ఉన్నాయో కూడా చూడండి, నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటోంది. మామూలుగా స్క్రీన్ మీద 4జీ అని ఉండి, కాల్ మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గుర్తు మారిపోయి 2జీ అనో 3జీ అనో వస్తోందేమో గమనించండి. అలా వస్తే మీ సిమ్‌కి 4జీ కాలింగ్, అంటే వీఓఎల్‌టీఈ, ఆన్ కాలేదు. ఫోన్ ప్రతి కాల్‌కీ పాత నెట్‌వర్క్ మీదికి దిగుతోంది, అక్కడ సిగ్నల్ పలచగా ఉంటే తెగిపోతోంది. సెట్టింగ్స్‌లో ఆ సిమ్ పేరు కిందే ఈ బటన్ ఉంటుంది, అక్కడ కనబడకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ నంబరుకి దాన్ని ఆన్ చేయమనండి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ మీ కంపెనీ ఇస్తోందో లేదో అడగండి, ఇస్తే గోడల గొడవే ఉండదు.

ఇక ఓటీపీ. మీ ఉత్తరంలో నన్ను నిజంగా బాధపెట్టింది రెండు నంబర్లూ ఒకే రోజున మార్చడం. మా నాన్న విషయంలో నేనూ ఇదే చేశాను. ఆయన పెన్షన్ ఖాతా, గ్యాస్ బుకింగ్, ఆధార్ అన్నీ ఆ ఒక్క నంబరు మీదే ఉంటే 50 రూపాయలు మిగులుతాయని దాన్నే మార్చాను. ఒక రాత్రి ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది, డబ్బు కట్టడానికి ఓటీపీ కోసం 20 నిమిషాలు కాంపౌండ్‌లో ఫోన్ పట్టుకుని తిరిగాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ముందు నేను మిగిల్చిన డబ్బు ఎంత? అప్పట్నుంచి అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను, బ్యాంకు నంబరు మీద ప్రయోగం చేయకండి. కొత్త కంపెనీని చూడాలంటే కొత్త సిమ్ ఒకటి కొని ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేసి నెల రోజులు వాడండి. వంటింట్లో, పడకగదిలో, మీరు వెళ్లే గుడిలో, బస్సులో చూడండి. బాగుంటే అప్పుడు అసలు నంబరు మార్చుకోవచ్చు. మీ విషయంలో ఇప్పటికే జరిగిపోయింది కాబట్టి, బ్యాంకు మీ ఈమెయిల్‌కి కూడా ఓటీపీ పంపుతుందేమో బ్రాంచిలో అడగండి, కొన్ని పంపుతాయి. లేదంటే పిల్లల్లో ఎవరైనా పాత కంపెనీ సిమ్ ఒకటి మీ పేరున తీసిస్తే, బ్రాంచికి వెళ్లి ఖాతాకి ఆ నంబరు ఇచ్చేయండి.

ఈలోగా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కాల్స్ తెగిపోతున్నాయని ఫిర్యాదు పెట్టండి. వాళ్లు ఒక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైన నంబరు, ఇవ్వాలి, అడిగి రాసుకోండి. నోటిమాటగా 'చూస్తాం సార్' అన్నదానికి విలువ లేదు, ఆ నంబరు ఉంటేనే తర్వాత పై మెట్టు ఎక్కగలరు. 90 రోజులు అయ్యాక, 'పోర్ట్' అనే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. నాలుగు రోజులే అది పనిచేస్తుంది కాబట్టి షాపుకి వెళ్లే ముందే తెప్పించుకోండి. నంబరు మారడానికి మూడు పనిదినాలు పడుతుంది. వేరే సర్కిల్‌కి, అంటే వేరే టెలికాం ప్రాంతానికి, అయితే అయిదు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కలో ఇంకా ఒకటే సర్కిల్, పాలకొల్లులో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా తేడా లేదు.

ఇంకో మాట. పోర్ట్ అయిన రోజున పాత కంపెనీలో మిగిలిన బ్యాలెన్సూ వ్యాలిడిటీ రెండూ పోతాయి, కొత్తదానికి రావు. ఈ కొత్త కంపెనీలో మీరు ఏడాది ప్యాక్ వేయించుకోలేదనుకుంటున్నాను.

ప్రశ్న: మా అత్తయ్యగారికి బటన్ల ఫోను. ఆమెకి ఇంటర్నెట్టే తెలీదు, కూతుళ్లు ఫోన్ చేస్తే మాట్లాడుతుంది, అంతే. దానికి 28 రోజులకోసారి 199 వేయిస్తున్నాం. వాడని డేటాకి ఎందుకు కట్టాలి? చవక కంపెనీకి మార్చేయమంటారా?
— ఆదోని నుంచి ఒక గృహిణి

జవాబు: మార్చొద్దమ్మా, ముందు ఇది చదవండి. డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ కనీసం ఒకటైనా ప్రతి కంపెనీ ఇచ్చి తీరాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నియమం తెచ్చింది. ఇలాంటి ప్రత్యేక ప్యాక్‌ల వ్యాలిడిటీ హద్దును కూడా 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని తెచ్చాయి, రేటు ఎక్కువ పెట్టారని విమర్శ వస్తే కొంచెం తగ్గించాయి కూడా. అలా తగ్గించాక ఎయిర్‌టెల్‌లో 1,849 రూపాయలకి 365 రోజులు, జియోలో 1,748కి 336 రోజులు. ఈ 336 అనేది ఏడాది కాదు, 12 సార్లు 28 రోజులు, చూసి కొనండి. ఇవి అప్పటి రేట్లు, వేయించే రోజున యాప్‌లో మళ్లీ చూసుకోండి.

మీ లెక్క చూద్దాం. 28 రోజులకోసారి అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. 199 చొప్పున 2,587 రూపాయలు. నంబరు మార్చకుండా, ఉన్న కంపెనీలోనే 1,849 ప్యాక్ దొరికితే 738 రూపాయలు మిగులుతాయి. షాపువాళ్లు ఈ ప్యాక్ తమంతట తాము చెప్పకపోవచ్చు, యాప్‌లో కూడా చాలా కిందికి వెళ్తేగానీ కనబడదు. నాకు దీనిమీద కోపమే ఉంది, ఎందుకంటే ఈ ప్యాక్ అవసరమైన పెద్దవాళ్లకి యాప్ తెరవడమే రాదు. 'డేటా లేని ప్యాక్, ట్రాయ్ పెట్టమన్నది' అని గట్టిగా అడగండి. పెద్దావిడ ఎవరితోనైనా మాట్లాడాలంటే ఫోన్ మోగాలి, అది ఆగకుండా ఏడాదంతా ఉంటుంది, మీకు నెలనెలా గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది.

ప్రశ్న: సిమ్ పాడైందని కొత్తది తీసుకున్నా. మూడో రోజు పోర్ట్ చేద్దామంటే కోడే రావట్లేదు. కంపెనీ కావాలని ఆపుతోందా?
— సిద్దిపేట నుంచి ఒక విద్యార్థి

జవాబు: లేదు. 2024 జులై 1 నుంచి, పోయిన సిమ్ లేదా పాడైన సిమ్ బదులు కొత్తది తీసుకుంటే ఏడు రోజుల దాకా పోర్టింగ్ కోడ్ ఇవ్వరు. దొంగలు మన పేరున డూప్లికేట్ సిమ్ తీసి, వెంటనే వేరే కంపెనీకి మార్చేసి, ఖాతాలు ఊడ్చేసేవాళ్లు, అందుకే పెట్టారు ఈ అడ్డు. ఎనిమిదో రోజు మళ్లీ మెసేజ్ పెట్టు. ఆ కోడ్ మాత్రం ఎవరు ఫోన్ చేసి అడిగినా, 5జీకి మారుస్తాం అన్నా, చెప్పొద్దు, అది చేతికిస్తే నీ నంబరే ఇచ్చేసినట్టు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడ ఫ్రెండ్స్ చెప్పారని చవక కంపెనీ లైను తీసుకున్నాడు, ఏడాది డబ్బు ముందే కట్టేశాడు. పగలంతా బాగుంటుంది, వాడికి సాయంత్రమైతే వీడియో కాల్ తిరుగుతూనే ఉంటుంది. అదొక బాధ. ఇంకోటి, ఇక్కడి నంబరు రీఛార్జ్ చేయక ఆగిపోయింది. ఎడ్యుకేషన్ లోన్ ఖాతా ఓటీపీలన్నీ దానికే. ఇప్పుడు ఆ నంబరుకి చేస్తే ఎవరో వేరేవాళ్లు ఎత్తుతున్నారు. చాలా భయంగా ఉంది.
— ఖమ్మం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, రెండో విషయం ముందు చూద్దాం, అదే తొందరైనది. నంబరు వేరేవాళ్లకి వెళ్లిపోయింది కాబట్టి దాన్ని వెనక్కి తెచ్చే ఆశ పెట్టుకోకండి. ఆగిపోయిన నంబరుని కనీసం 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకి చెప్పింది, మీకు ఆ గడువు కూడా దాటిపోయినట్టుంది. ఇవాళే బాబుకి చెప్పండి, బ్యాంకుకి ఈమెయిల్ పెట్టి, ఆ నంబరు ఇక నాది కాదు, దానికి ఏ సమాచారమూ పంపొద్దు అని రాయమనండి. లోన్‌కి మీరు కో-అప్లికెంట్ అయితే మీరే బ్రాంచికి వెళ్లి నంబరు మార్పు ఫారం అడగండి, బాబు సంతకం అక్కణ్నుంచి ఎలా పంపాలో వాళ్లే చెబుతారు. అతను విదేశంలో ఉన్నాడు కాబట్టి ఖాతాను ఎన్నార్వో ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బు కోసం పెట్టుకునే ఖాతాగా, మార్పించుకోవాలి ఎలాగూ. ఎన్నార్ఈ (విదేశీ సంపాదన వేసుకునేది), ఎన్నార్వో ఖాతాలున్నవాళ్లు అమెరికా నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలు 2023 నుంచి ఉంది, బ్యాంకు ఇస్తోందో లేదో అడగాలి. పాత నంబరు మీదున్న వాట్సాప్‌ని కొత్త నంబరుకి మార్చుకోమనండి, గూగుల్ ఖాతాలో, ఫేస్‌బుక్‌లో ఆ నంబరు ఉంటే తీసేయమనండి. అవతల ఫోన్ ఎత్తేవాళ్లు దొంగలేం కారు, వాళ్లకి ఆ నంబరు మామూలుగా వచ్చింది, కానీ మన ఓటీపీలు వాళ్ల ఫోన్‌లో మోగడం ఒక్కరోజు కూడా మంచిది కాదు.

పిల్లల్ని పంపుతున్న మిగతా తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను. చాలామంది 20 రూపాయలు బ్యాలెన్స్ ఉంటే నంబరు పోదు అని విని నిశ్చింతగా ఉంటారు. ఆ నియమం ఉంది, 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయలుంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. కానీ నంబరు మన పేరున ఉండటం వేరు, దానికి మెసేజ్ రావడం వేరు. ప్యాక్ అయిపోతే ఓటీపీ రాదు, అది రాని నంబరు బ్యాంకుకి ఎందుకు? పిల్లలు విమానం ఎక్కకముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, పైన ఆదోని అమ్మకి చెప్పిన ఏడాది ప్యాక్ వేయించండి. రోమింగ్‌లో మెసేజ్ రావడానికి మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితేనే పడుతుంది. లేదా పోయేముందు ఖాతాలన్నిటికీ ఇంట్లో ఉండే అమ్మానాన్నల్లో ఒకరి నంబరు ఇప్పించే ఆలోచన చేస్తారు కొందరు, కానీ తెల్లవారుజామున మూడింటికి ఓటీపీ కోసం మిమ్మల్ని లేపాల్సి వస్తుంది.

ఇక అక్కడి లైను. అమెరికాలో ఈ చవక కంపెనీల్లో చాలావాటికి సొంత టవర్లు లేవు. ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్ అనే మూడు పెద్ద కంపెనీల టవర్లను అద్దెకు తీసుకుని నడుపుతాయి. మింట్ మొబైల్ అలాంటిదే, టీ-మొబైల్ టవర్ల మీద నడుస్తుంది, 2024 మేలో టీ-మొబైలే దాన్ని కొనేసింది. నెలకి 15 డాలర్లు అని చెప్పే రేటు చాలాచోట్ల నెలనెలా కట్టేవాళ్లకి కాదు, మూడు నెలలకో ఏడాదికో ముందే కట్టేవాళ్లకి. సిగ్నల్ అదే టవర్‌ది అయినా జనం రద్దీ ఉన్నప్పుడు ఆ పెద్ద కంపెనీ సొంత కస్టమర్ల డేటా ముందు వెళ్తుంది, చవక లైనువాళ్లది వెనక. సాయంత్రం అందరూ ఇళ్లకి చేరి వీడియోలు చూసేటప్పుడు, స్టేడియంలో, పెద్ద గుడి పండగల్లో ఇదే జరుగుతుంది. ఫోన్‌లో గీతలన్నీ నిండుగానే కనబడతాయి, అందుకే బాబుకి అర్థమై ఉండదు. అది మోసం కాదు, ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. చదువుకునే పిల్లలకి ఆ రేటు నిజంగా ఆదా, నేను తప్పుపట్టను. అపార్ట్‌మెంట్‌లో వైఫై ఉంటే మీతో వీడియో కాల్ దానిమీద చేయమనండి, సరిపోతుంది. వెళ్లబోయే పిల్లలు మాత్రం ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు. కొన్ని కంపెనీలు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మీద కొద్దిరోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి, ముందు అది తీసుకుని, ఉండబోయే గదిలో సాయంత్రం పూట చూసుకోవాలి.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. మా గూడేనికి పోయిన ఏడాది సోలార్ పలకల టవర్ వచ్చింది. అంతకుముందు రిపోర్టు పంపాలంటే కొండెక్కేదాన్ని, ఇప్పుడు ఇంటి ముందు నుంచే పంపుతున్నా, చాలా సంతోషం. రీఛార్జ్ కూడా తక్కువే. అయితే నా ఫోన్‌లో 4జీ రాదు, తోటి కార్యకర్త కొత్త ఫోన్‌లో వస్తుంది. సిమ్ మార్చినా అంతే. ఏం లోపం?
— పాడేరు వైపు నుంచి

జవాబు: మీ ఉత్తరం చదివి నాకూ సంతోషం వేసింది. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వాలని కేంద్రం 2022 జులైలో 26,316 కోట్లతో ఒక పథకం మంజూరు చేసింది, ఆ పని బీఎస్ఎన్ఎల్‌కి అప్పగించింది. మీ గూడెం టవర్ అందులోదే అయి ఉండొచ్చు, ఆ పథకాల కింద వేసినవాటికి సోలార్ కరెంటే పెట్టారు. సీ-డాట్, తేజస్, టీసీఎస్ అనే మన దేశ సంస్థలు కలిసి ఇక్కడే తయారుచేసిన పరికరాలతో బీఎస్ఎన్ఎల్ 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ప్రధాని ప్రారంభించారు.

లోపం మీ ఫోన్‌లోనే ఉండొచ్చు. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడుతుంది, ఫోన్ల భాషలో బ్యాండ్ 28 అంటారు. ఇవి దూరం పోతాయి, చెట్లూ గోడలూ దాటుతాయి, కొండల్లో మంచివి. కానీ కొన్ని పాత ఫోన్లలో ఆ బ్యాండ్ పట్టే వీలే పెట్టలేదు, వేరే కంపెనీ సిమ్ వేస్తే అదే ఫోన్ 4జీ చూపిస్తుంది, దీనితో చూపించదు. కొత్తది కొనేముందు మోడల్ పేరుతో ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో 4జీ బ్యాండ్ల వరసలో 28 ఉందో లేదో షాపువాణ్ని మీ ఎదుటే చూపించమనండి. ఇంకా మంచిది, మీ సిమ్ తీసి ఆ ఫోన్‌లో వేసి మీ ఇంటి ముందు చూశాకే డబ్బివ్వడం. తోటి కార్యకర్త ఫోన్ మోడల్ ఏంటో అడిగి అదే కొనుక్కున్నా సరిపోతుంది.

ప్రశ్న: నాకు టైలరింగ్ షాపు, బతుకుదెరువు అదే. చవకని నంబరు మార్చుకుంటే మధ్యలో తొమ్మిది రోజులు ఫోనే పనిచేయలేదు. పెళ్లిళ్ల సీజన్, ఎన్ని ఆర్డర్లు పోయాయో. కంపెనీవాళ్లు సారీ అని వదిలేశారు. పరిహారం అడగొచ్చా?
— నరసరావుపేట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అడగొచ్చు, అడగాలి కూడా. పోర్టింగ్‌లో ఫోన్ ఆగాల్సింది కొన్ని గంటలు, అదీ రాత్రిపూట. తొమ్మిది రోజులంటే ఊరుకోవాల్సిన విషయం కాదు.

ముందు ఫిర్యాదు డాకెట్ నంబరు ఉందా? దానిమీద వాళ్లిచ్చిన జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, ఫిర్యాదు తేల్చాల్సిన గడువు ముగిసిన 30 రోజుల్లోగా అక్కడ అప్పీలు వేయండి, ఫీజు లేదు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది ట్రాయ్‌కి రాస్తారు, కానీ ట్రాయ్ ఒక్కొక్కరి గొడవ విడిగా తీర్చదు, కంపెనీకే పంపిస్తుంది. 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేస్తే ఉపయోగం ఉంటుంది.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఫోన్ గొడవలు అక్కడ చెల్లవని మీకు ఎవరైనా చెబితే, అది పాత మాట. 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అలా అంది, 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని స్పష్టం చేసింది. మీ చిన్న షాపు బతుకుదెరువు కోసమే కాబట్టి మీరు వినియోగదారు కిందికే వస్తారు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, మీ చిన్న మొత్తాలకి ఫీజు ఉండదు, రెండేళ్ల గడువు ఉంది, లాయర్ తప్పనిసరి కాదు.

కాగితం మీద తేదీలు పెట్టండి: 1900కి మెసేజ్ పంపినది, కొత్త సిమ్ ఇచ్చినది, పాత సిమ్ ఆగినది, కొత్తది మోగినది. ఆ రోజుల్లో మీకు ఫోన్ దొరకలేదని వాట్సాప్‌లోనో నేరుగానో చెప్పిన కస్టమర్లు ఇద్దరు ముగ్గురిని ఒక మాట రాసివ్వమనండి, పోయిన సీజన్ ఆర్డర్ల పుస్తకం జిరాక్స్ తీసి పెట్టండి. ఎంత అడగాలో ఆ పుస్తకం చూసి రాయండి, గాల్లో లక్షలు రాస్తే అసలుది కూడా నమ్మరు. అప్పీలు జవాబు వచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయండి, కమిషన్‌లో వేసే ఫిర్యాదు ఎలా రాయాలో దాని మీద చెబుతాను.